పర్లాకిమిడి గజపతుల వంశవృక్షంలో ఎవరిని ఎక్కడ నిలపాలి?

వంశధార ఒడ్డు (కాశీనగరం)

సభ్యులందరికీ నమస్కారం. మా ఊళ్ళో తెలుగు పుస్తకాలు చదువుకునే చిన్న గది ఒకటి ఉంది. దాని గోడకు పర్లాకిమిడి రాజవంశపు వంశవృక్షాన్ని తెలుగులో రాయించి తగిలించాలని కొందరం పూనుకున్నాం. బడిలో ఒడియా చదివి ఇంటికొచ్చి తెలుగు మాట్లాడే మా పిల్లలకు తమ జిల్లా పేరు ఎవరిని బట్టి వచ్చిందో తెలియాలని మా కోరిక. 1992 అక్టోబరు 2న గంజాం జిల్లాను విడదీసి ఈ జిల్లాను ఏర్పాటు చేసినప్పుడు, కృష్ణచంద్ర గజపతి నారాయణ దేవ్ పేరు మీదనే దీనికి గజపతి జిల్లా అని పేరు పెట్టారు.

చిత్తుప్రతిలో కింది తరాలు తేలికగానే కుదిరాయి. గౌరచంద్ర గజపతి, ఆయన కొడుకు కృష్ణచంద్ర గజపతి, ఆయన మనుమడు గోపీనాథ గజపతి. చిక్కంతా పైనా పక్కలా ఉంది. ఒకరు ఇచ్చిన కాగితంలో విజయనగరం పి.వి.జి. రాజు గారు కృష్ణచంద్రునికి తమ్ముడి వరసలో కనిపిస్తున్నారు. మరొకరిచ్చిన కాగితంలో పాత రాజుల పేర్ల పక్కన అంకెలు వేసి, వాటినే పాలించిన ఏళ్ళుగా లెక్కకట్టారు. అవన్నీ కూడితే కాలం ఎక్కడా పొసగడం లేదు.

మా తాతగారి ట్రంకుపెట్టెలో ఎస్టేటుకు శిస్తు కట్టిన దాఖలా ఒకటి దొరికింది. మడత పడిన చోటల్లా చినిగి, బెల్లం రంగుకు తిరిగిన ఆ కాగితం మీద ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం) 1345 అని ఉంది. నాకు ఈ పని మీద మనసు పోవడానికి కారణం ఆ కాగితమే. తెలిసిన పెద్దలు దిద్దిపెట్టవలసిందిగా కోరుతున్నాను.

పాతపట్నం మాస్టారు

తమ్ముడూ, మంచి పని మొదలుపెట్టావు. మొదటి పొరపాటు చాలామందికి జరిగేదే కనుక ముందు దాన్ని తీర్చుకుందాం.

గజపతి అన్నది ఇంటిపేరు కాదు, బిరుదు. కోణార్క ఆలయం కట్టించిన తూర్పు గంగరాజు మొదటి నరసింహదేవుడు 13వ శతాబ్దంలోనే దాన్ని ధరించాడు. గంగవంశం నుంచి సింహాసనం 1434 ప్రాంతంలో సూర్యవంశపు కపిలేంద్రదేవుడి చేతికి వచ్చాక, ఆయనా, ఆయన కొడుకు పురుషోత్తముడూ, మనుమడు ప్రతాపరుద్రుడూ ఆ బిరుదుతోనే తెలుగు నేల మీదికి దండెత్తి వచ్చారు. అందుకే మన కావ్యాల్లో గజపతి అంటే ప్రతాపరుద్రుడు, ఆయనతో తలపడినవాడు శ్రీకృష్ణదేవరాయలు. పూరీ రాజును ఈనాటికీ గజపతి అనే పిలుస్తారు.

విజయనగరం వారి ఇంటిపేరు పూసపాటి. గజపతి రాజు అన్నది పేరు చివర చేరిన బిరుదు. 1794 జులై 10న పద్మనాభం యుద్ధంలో నేలకొరిగిన చిన విజయరామరాజు, సోషలిస్టుగా చట్టసభలకు వెళ్ళిన పి.వి.జి. రాజు, ఆయన కొడుకులు ఆనంద గజపతి రాజు, అశోక్ గజపతి రాజు ఆ ఇంటివారు. పర్లాకిమిడి వారు తమది గంగవంశమని చెప్పుకునే నారాయణ దేవ్‌లు. రెండు ఇళ్ళకూ బిరుదు ఒక్కటి కావచ్చు గాని వేరు ఒక్కటి కాదు. పి.వి.జి. రాజు గారిని మీ పటంలోంచి నిస్సంకోచంగా తీసివేయండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

మాస్టారు చెప్పిన దానికి కొనసాగింపుగా పై కొమ్మల సంగతి చెబుతాను.

గంగరాజుల తొలి రాజధాని కళింగనగరం. అది మన శ్రీముఖలింగమేనని శాసనాల ఆధారంతో వాదించి నిలబెట్టిన వారిలో గిడుగు రామమూర్తి పంతులు గారు ముందు నిలుస్తారు. ఆయన 1880లో మా ఊరి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరి, మా చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ రాసిన మనిషి. 1078లో కళింగనగరంలో పట్టాభిషిక్తుడైన అనంతవర్మ చోడగంగదేవుడు పూరీ జగన్నాథాలయ నిర్మాణం చేపట్టి, రాజ్య కేంద్రాన్ని ఉత్తరానికి జరిపాడు. ఆ వంశంలో చివరివాడు నాలుగవ భానుదేవుడు. ఆయన దక్షిణాన దండయాత్రలో ఉండగా కపిలేంద్రుడు సింహాసనం ఎక్కాడు. భానుదేవుడు తిరిగి రాజధానికి పోలేక గుణుపురానికి దగ్గరి గుడారిలో నిలిచిపోయాడనీ, పర్లాకిమిడి వారు ఆ సంతతివారనీ వంశచరిత్ర చెబుతుంది. కిమిడి రాజ్యం తరవాత మూడు పాయలైంది. పర్లాకిమిడి, పెద్దకిమిడి, చిన్నకిమిడి అని మన వాళ్ళు, పారళా, బొడో, సానో ఖెముండి అని ఒడియావారు పిలుచుకునేవి అవే.

భానుదేవుడి నుంచి 18వ శతాబ్దం దాకా మీ పటంలో గీతను చుక్కలుగా వేయించండి. శాసనాలున్న చోట నిండు గీత, వంశావళి ఒక్కటే ఆధారమైన చోట చుక్కల గీత ఉంటే చూసే పిల్లవాడికి తేడా దానంతటదే తెలుస్తుంది. ఈస్టిండియా కంపెనీవారి కాగితాలు మొదలయ్యాక మళ్ళీ నిండు గీత వేయవచ్చు. ఉత్తర సర్కారులు 1766లో కంపెనీ పరమయ్యాక లొంగని నారాయణ దేవ్ మీదికి సైన్యం వచ్చి, 1768లో జలుమూరు దగ్గర ఆయనను ఓడించింది. శ్రీముఖలింగం ఈనాడు ఉన్నది జలుమూరు మండలంలోనే. పూర్వులు పట్టం కట్టుకున్న నేలకు పిలుపు దూరంలోనే వారసుడు యుద్ధం ఓడిపోయాడు. ఆ రెండు పేర్లనూ పటంలో ఒకే రంగు సిరాతో రాయించాలని నా కోరిక.

ఇక అంకెల గొడవ. ఒడిశా రాజుల కాలంలో ఏళ్ళను అంకంతో లెక్కపెట్టేవారు. ఈ లెక్కలో ఒకటి ఉండదు, రెండుతో మొదలవుతుంది. ఆరుతో ముగిసే అంకెలను వదిలేస్తారు. సున్నాతో ముగిసేవాటిలో పదిని ఉంచి, ఇరవై, ముప్ఫై వంటివాటిని వదిలేస్తారు. కనుక ఒక రాజు 25వ అంకమంటే అది ఆయన పాలనలో 21వ సంవత్సరం. కావాలంటే వేళ్ళ మీద లెక్కపెట్టి చూడండి. 1, 6, 16, 20 ఈ నాలుగూ పోతాయి. పైగా కొత్త అంకం భాద్రపద శుక్ల ద్వాదశి నాడు, సునియా రోజున మొదలవుతుంది. అందువల్ల ఒకే రాజుకు నాలుగైదేళ్ళు అధికంగా పడతాయి. పది తరాలు కూడితే నలభై, యాభై ఏళ్ళ తేడా రావడంలో వింత లేదు.

వంశధార ఒడ్డు (కాశీనగరం)

మహేంద్రతనయ గారూ, మీ మాట చదివాక రాత్రి కూర్చుని ఆ కాగితంలోని అంకెలన్నీ మళ్ళీ లెక్కకట్టాను. మూడు చోట్ల తండ్రి పోయిన తరవాత కొడుకు పట్టానికి వచ్చిన కాలం చక్కగా అతికింది. ఇంతకాలం మేము రాజులను తప్పుపట్టాము. తప్పు మా కూడికలోనే ఉంది.

ఒక సందేహం. పట్టానికి వచ్చిన ప్రతివాడినీ ముందు రాజు కొడుకుగానే గీయవచ్చునా?

బరంపురం వకీలు

అలా గీస్తే తప్పవుతుంది. వంశవృక్షాలు రాసేవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే గనుక కొంచెం వివరంగా చెబుతాను.

మన ప్రాంతపు పెద్ద జమీందారీలు పంచుకోవడానికి వీల్లేనివి. అన్నదమ్ములు ఎందరున్నా ఎస్టేటు జ్యేష్ఠుడికే, మిగిలినవారికి మనోవర్తి మాత్రమే. 1904లో మద్రాసు ప్రభుత్వం దీన్ని చట్టంగానే చేసింది. అందుచేత పట్టం జాబితా ఒకటి, సంతానం పట్టిక మరొకటి. కొడుకులు లేనప్పుడు పట్టం పక్క కొమ్మకు పోతుంది, లేదా దత్తతతో వేరే ఇంటి పిల్లవాడికి వస్తుంది. చిన్నకిమిడిలో భర్త పోయిన రాణి చేసిన దత్తత చెల్లుతుందా లేదా అన్న వివాదం 1876లో అప్పటి అత్యున్నత అప్పీలు న్యాయస్థానమైన లండన్ ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. హిందూ ధర్మశాస్త్రం చదివే న్యాయ విద్యార్థులు ఇప్పటికీ ఆ తీర్పు చదువుతారు. పక్కనున్న జయపురంలో 1931లో రామచంద్రదేవు సంతానం లేకుండా పోగా, జ్ఞాతి అయిన విక్రమదేవ వర్మ అరవై దాటిన వయసులో గద్దెనెక్కారు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చింది ఆయనే. ఆయన్ను ముందటి రాజు కింద కొడుకుగా గీస్తే రెండు తరాలు తారుమారవుతాయి.

కాబట్టి రక్తసంబంధానికి ఒక గీత, దత్తతకు జంట గీత, పట్టం మారినదానికి బాణం గుర్తు పెట్టించండి. గౌరచంద్రుని నుంచి కృష్ణచంద్రునికి మాత్రం ఏ గుర్తులూ అక్కరలేదు. తండ్రి 1905లో పోయేనాటికి కొడుకు మైనరు. ఎస్టేటును కోర్ట్ ఆఫ్ వార్డ్స్, అంటే మైనరు జమీందారుల ఆస్తులు చూసే ప్రభుత్వ శాఖ, చూసింది. 1892 ఏప్రిల్ 26న పుట్టిన కృష్ణచంద్రుడు 21 ఏళ్ళు నిండగానే 1913లో అధికారం చేపట్టారు.

గుణుపురం కోడలు

అందరూ ఇంత శ్రద్ధగా రాస్తున్నారు, సంతోషం. కానీ ఇంతవరకు పటంలో ఒక్క ఆడమనిషి పేరూ రాలేదు. నేను టెక్కలి వైపు పుట్టి, గుణుపురంలో మెట్టిన దాన్ని కాబట్టి నాకు ఇది కళ్ళకు కొట్టినట్టు కనిపిస్తోంది.

చోడగంగదేవుడి పేరులో చోడ అన్నది ఎలా వచ్చింది? ఆయన తల్లి రాజసుందరి చోళుల ఆడపడుచు. కొడుకు పేరులో పుట్టింటి వంశాన్ని నిలుపుకున్న ఆ తల్లి మీ పటంలో లేకపోతే ఆ పేరే అర్థం కాదు. కృష్ణచంద్ర గజపతి తల్లి రాధామణి దేవి. కన్న తల్లి పేరు లేకుండా కోర్ట్ ఆఫ్ వార్డ్స్ పేరు మాత్రం ఉంటే న్యాయమా? ఇంట్లో పెట్టిన పేర్లూ కథ చెబుతాయి. గౌరచంద్రుడంటే చైతన్య మహాప్రభువు, కృష్ణచంద్రుడంటే ఆయన ఆరాధించిన స్వామి. తండ్రీకొడుకుల పేర్లు పక్కపక్కన రాస్తే ఆ ఇంట్లో ఏ భక్తి ఉండేదో తెలుస్తుంది.

గౌరచంద్రుని గురించి ఇంకో మాట. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు వేయించింది ఆయనే. కొడుకు కాలంలో, 1931లో, అది గుణుపురం దాకా వచ్చింది. నేను పెళ్ళయి అత్తవారింటికి వచ్చింది ఆ బండిలోనే. రెండున్నర అడుగుల పట్టాల మీద అటూ ఇటూ ఊగుతూ పోయేది. ఒళ్ళో పెట్టుకున్న చలిమిడి గిన్నె జారకుండా దారంతా రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. పెద్ద లైను పనుల కోసం 2004లో దాన్ని ఆపేసి, 2011లో మళ్ళీ బండ్లు నడిపారు. తండ్రి మొదలుపెట్టిన దారిని కొడుకు పొడిగించిన సంగతి పటంలో రెండు పేర్ల మధ్య చిన్న పట్టాల బొమ్మగా వేస్తే పిల్లలు మరచిపోరు.

వంశధార ఒడ్డు (కాశీనగరం)

అక్కయ్యగారూ, తల్లుల పేర్లు తప్పకుండా చేరుస్తాం. పట్టాల బొమ్మ వేసే బాధ్యత మా అమ్మాయి తీసుకుంది.

ఇక రాజకీయం. కృష్ణచంద్రుని పేరు కింద రెండు మూడు వాక్యాలకే చోటుంది. ఏం రాయమంటారు?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

ఒడిశాకు మొదటి ప్రధానమంత్రి అని రాయండి. అప్పట్లో రాష్ట్రాల ముఖ్యమంత్రులను అలాగే పిలిచేవారు. దాని వెనక చాలా ఏళ్ళ పని ఉంది. ఒడియా ప్రాంతాలన్నిటినీ ఒకటి చేయాలని కోరిన ఉత్కళ సమ్మేళన సమావేశం 1914లో పర్లాకిమిడిలోనే జరిగింది. 1930లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలో ఆయన ప్రత్యేక ఒరిస్సా కోసం మాట్లాడారు. బ్రిటిష్ ప్రభుత్వపు 1933 శ్వేతపత్రంలో పర్లాకిమిడినీ జయపురాన్నీ కొత్త రాష్ట్రం బయట ఉంచారు. ఆయన మళ్ళీ లండన్‌లో పట్టుపట్టాక, పార్లమెంటు సంయుక్త సంఘం 1934లో జయపురాన్నీ, పర్లాకిమిడి ఎస్టేటులో కొంత భాగాన్నీ చేర్చాలని చెప్పింది. 1936 ఏప్రిల్ 1న రాష్ట్రం ఏర్పడింది. మరుసటి ఏటి ఎన్నికల్లో 60 స్థానాల్లో 36 గెలిచిన కాంగ్రెస్ ప్రభుత్వం ఏర్పాటుకు వెనుకాడగా, 1937 ఏప్రిల్ 1న ఆయన 44 ఏళ్ళ వయసులో మంత్రివర్గం ఏర్పరిచారు. జులైలో కాంగ్రెస్ ముందుకు రాగానే గంజాం బిడ్డ విశ్వనాథ దాస్ ఆ పదవిలోకి వచ్చారు. 1941 నవంబరు నుంచి 1944 జూన్ దాకా కృష్ణచంద్రులది రెండో మంత్రివర్గం. ఉత్కళ విశ్వవిద్యాలయం 1943లో ఏర్పడింది ఆ కాలంలోనే.

పాతపట్నం మాస్టారు

ఆ వాక్యాలన్నీ నిజమే. వాటితోపాటు ఇంకొక్కటి చేర్చమని మనస్ఫూర్తిగా అడుగుతున్నాను.

రాజావారు కోరుకున్న గీత ఆయన ఎస్టేటు నడుమ నుంచే పోయింది. పట్టణమూ కోటా ఒరిస్సాకు వెళ్ళాయి. ఎస్టేటులో పెద్ద భాగం, మా పాతపట్నంతో సహా, మద్రాసులో ఉండిపోయింది. ఐదున్నర దశాబ్దాలు పర్లాకిమిడిలో బతికిన గిడుగు వారు 1936లో రాష్ట్రావతరణ నాడే ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. అప్పటికి ఆయన వయసు 72. 1940లో కన్నుమూశారు. ఆయన వాడుక భాష కోసం పోరాడింది పర్లాకిమిడి వీధుల్లో నిలబడి. ఇక్కడ మనం రాసుకుంటున్న ఈ తెలుగు ఆ ఇంటి నుంచి వచ్చిందే. రాజావారిని తక్కువ చేయాలని నాకు లేదు. గిడుగు వారి సవర పని సాగింది ఆ సంస్థానం నీడలోనే. కానీ ఆ పటం చూసే తెలుగు పిల్లవాడికి ఆ ఏడు ఒకరు గెలిచి రాజధానికి వెళ్ళారని చెప్పేటప్పుడు, ఇంకొకరు ఇల్లు సర్దుకుని రైలెక్కారని కూడా చెప్పాలి.

బరంపురం వకీలు

మాస్టారి మాటతో ఏకీభవిస్తున్నాను. అయితే సరిహద్దు దాటిన వంశం గజపతులది ఒక్కటే కాదు. మా ఊరి వరాహగిరి వారిని చూడండి.

జోగయ్య పంతులు గారు బరంపురంలో పేరున్న వకీలు, కాంగ్రెస్‌వాది. ఆయన భార్య సుభద్రమ్మగారు శాసనోల్లంఘన కాలంలో మద్యనిషేధం కోసం పికెటింగ్ చేసి అరెస్టయ్యారు. గుణుపురం అమ్మగారు అడిగిన తల్లుల వరసలో ఆవిడనూ తలచుకోవాలి. వారి కొడుకు వి.వి. గిరి 1894లో బరంపురంలో పుట్టి, డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి, రైల్వే కార్మికుల నాయకుడై, 1937లో బొబ్బిలి రాజావారిని ఎన్నికల్లో ఓడించి మద్రాసులో రాజాజీ మంత్రివర్గంలో చేరారు. అదే ఏడు పర్లాకిమిడి రాజావారు కటకంలో ప్రధానమంత్రి. బరంపురం వకీలు కొడుకు మద్రాసుకు, పర్లాకిమిడి రాజు కటకానికి! 1952లో గిరిగారు లోక్‌సభకు గెలిచింది మన మాస్టారి పాతపట్నం నుంచే. 1969లో రాష్ట్రపతి అయ్యారు. ఆయన కుమారుడు శంకర్ గిరి 1971లో మధ్యప్రదేశ్‌లోని దమోహ్ నుంచి లోక్‌సభకు వెళ్ళారు.

ఇందులో వంశవృక్షం రాసేవారు గమనించవలసింది పేరు. ఇంటిపేరు వరాహగిరి, ఆయన పేరు వెంకటగిరి. తరవాతి తరానికి గిరి అన్నదే ఇంటిపేరుగా స్థిరపడింది. కేవలం గిరి అని వెతికేవారికి జోగయ్య పంతులు గారు ఎప్పటికీ దొరకరు. గజపతి విషయంలో బిరుదు పేరైంది, ఇక్కడ పేరే ఇంటిపేరైంది.

గుణుపురం కోడలు

వకీలుగారూ, మరి కింది తరం? 1944 తరవాత ఒక్కసారిగా మనుమడు గోపీనాథులు లోక్‌సభకు గెలిచిన 1989కి దూకితే మధ్యలో ఏమైందని పిల్లలు అడుగుతారు.

బరంపురం వకీలు

అడగవలసిన ప్రశ్న అమ్మా. మధ్యలో ఎస్టేటే పోయింది. అది కూడా రెండు ముక్కలుగా. మద్రాసు వైపు భూములు 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం కిందికీ, ఒరిస్సా వైపువి 1951 నాటి ఒరిస్సా చట్టం కిందికీ వచ్చాయి. పూర్వీకుల పట్టాల కోసం వెతికేవారు అందుకే రెండు రాష్ట్రాల కచేరీలు తిరగవలసి వస్తోంది. కృష్ణచంద్ర గజపతి 1974 మే 25న, 82 ఏళ్ళ వయసులో కాలం చేశారు. 1943లో పుట్టిన మనుమడు గోపీనాథ గజపతి 1989లోనూ 1991లోనూ కాంగ్రెస్ తరఫున బరంపురం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1996లో అదే స్థానం నుంచి పి.వి. నరసింహారావు గారు గెలిచారు. గోపీనాథులు ఆ తరవాత వేరే పార్టీల్లోకి వెళ్ళారు. 2020 జనవరి 10న మరణించారు.

తాతకు పదవి వచ్చింది ఎస్టేటు ఉన్న రోజుల్లో. మనుమడు ఇంటింటికీ తిరిగి ఓటు అడగవలసి వచ్చిన రోజుల్లో గెలిచారు. అందువల్ల పటంలో ఇద్దరి పేర్ల మధ్య రద్దు చట్టాల సంవత్సరాలు రెండూ రాయించండి.

వంశధార ఒడ్డు (కాశీనగరం)

అందరికీ చేతులెత్తి నమస్కారం. పటం కొలత పెంచాం. చుక్కల గీత, జంట గీత, బాణం గుర్తు ఒప్పుకున్నాం. శ్రీముఖలింగం, జలుమూరు ఒకే ఎర్ర సిరాతో ఉంటాయి. రాజసుందరి, రాధామణి దేవి పేర్లు భర్తల పేర్లంత పెద్ద అక్షరాలలోనే ఉంటాయి. కృష్ణచంద్రుని పేరు పక్కన గిడుగు వారి ప్రయాణం ఒక వాక్యంగా వస్తుంది. వరాహగిరి వారి వృక్షం రెండో పటంగా వేయిస్తాం.

మాస్టారూ, మీ మాట చదివాక మా దాఖలాను మళ్ళీ తీసి చూశాను. ఫసలీకి 590 కలిపితే 1935 వస్తుంది. అంటే 1345 ఫసలీ 1935 జులైలో మొదలై 1936 జూన్‌తో ముగిసింది. మా తాతగారు కట్టిన ఆ ఒక్క ఏడాది శిస్తులో తొమ్మిది నెలలు మద్రాసువి, మూడు నెలలు ఒరిస్సావి. మా నాయనమ్మ పుట్టిల్లు మీ పాతపట్నమే. ఆ ఏడు జ్యేష్ఠంలో ఆమె పుట్టింటికి వెళ్ళిందంటే వేరే రాష్ట్రానికి వెళ్ళినట్టే. ఆ దాఖలాకు అద్దం కట్టించి, కృష్ణచంద్రుని పేరుకు సరిగ్గా ఎదురుగా తగిలిస్తున్నాం. వచ్చే ఆదివారం చిత్రకారుడు వచ్చేలోగా అక్షరదోషాలేవైనా ఉంటే దయచేసి చెప్పండి.